పీరమ్మ ఎడమచెయ్యి

“అమ్మ చెయ్యి నన్ను యాల పట్టుకోనీలేదు?”

నూరున్నీసా ఈ మాట అడగడం ఇది మూడోసారి. పీరమ్మను మట్టిచేసిన సాయంత్రం ఒకసారి అడిగింది. మూడోనాటి జియారత్‌కు వచ్చిన చుట్టాలు భోజనాలు చేసి చేతులు కడుక్కుంటూ ఉండగా ఇంకోసారి అడిగింది. నాలుగో రోజు పొద్దున, మదనపల్లెలో పరుపుల అంగడి వెనకున్న ఆ ఇంట్లో, టీ గ్లాసు నేలమీద పెట్టి మళ్లీ అడిగింది.

షంషాద్ పొయ్యి దగ్గర నిలబడి పాలగిన్నె చూస్తోంది. పాలు ఎప్పుడో కాగిపోయాయి. గిన్నె అడుగున మాడు వాసన మొదలైనా ఆమె దించలేదు.

పీరమ్మ నూరున్నీసాకు కన్నతల్లి, షంషాద్‌కు అత్త. చక్కెర జబ్బుతో మూడు నెలలు మంచాన పడి, శుక్రవారం తెల్లవారాక పోయింది. కబురు అందుకుని నూరున్నీసా కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో ఇంకో బస్సు మారి వచ్చేసరికి గుసుల్ అయిపోయింది. ఆఖరి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టి, ముఖం మాత్రం తెరిచి ఉంచారు. కూతురు తల్లి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, తనవైపున్న ఎడమచెయ్యి కోసం గుడ్డ లోపలికి తడిమింది. అప్పుడు షంషాద్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపేసింది. మెల్లగా కాదు, గట్టిగానే. నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా.

అదీ గొడవ.

“అక్కా, అయిపోయింది కదా. ఇంక ఇడిసిపెట్టు” అన్నాడు రెడ్డిబాషా.

రెడ్డిబాషా షంషాద్ మొగుడు, నూరున్నీసాకు తమ్ముడు. అక్కకూ పెళ్లానికీ మధ్య పన్నెండేళ్లుగా అతను నేర్చుకున్న విద్య ఒక్కటే, మాట పెరిగేలోగా అంగట్లోకి జారుకోవడం. ఈసారి కూడా చెప్పులు వెతుక్కున్నాడు. అంగళ్లు దగ్గర ఏదో హాస్టలుకు ఇరవై పరుపులు పంపాలట. ఇంట్లో చావు జరిగిన నాలుగో రోజే పరుపులు గుర్తొచ్చే మనిషి కాదు అతను. కానీ నిలబడే ధైర్యమూ లేదు.

“నువ్వు ఈడే ఉండు” అంది నూరున్నీసా. “నీ పెండ్లాం చెప్పేది నువ్వు కూడా వినాల.”

దూదేకుల ఇళ్లలో నమాజు అరబ్బీలో, పోట్లాట తెలుగులో. నూరున్నీసా పోట్లాటలో ఎప్పుడూ గొంతు పెంచదు. కుప్పంలో ఆమె ఇంటి ముందుగదిలో ప్రతి గురువారం ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ధర్మం మాటలు చదువుకుంటారు. చదివేది ఆమే. ఆ అలవాటు వల్ల ఆమె మామూలుగా మాట్లాడినా ఎదుటివాళ్లకు తప్పు పట్టినట్టే ఉంటుంది.

షంషాద్ గిన్నె దించింది. “అత్తమ్మ చేతిమీద పచ్చబొట్టు ఉండాది కదా వదినా” అంది, ఇటు తిరగకుండా. “నువ్వు గుడ్డ తీస్తే అందురూ సూస్తారని పట్టుకోనీలేదు.”

ఇది అబద్ధం కాదు. నిజమూ కాదు. అందులో సగం మాత్రమే నిజం.

నూరున్నీసాకు ఆ పచ్చబొట్టు తెలుసు. చిన్నప్పుడు తల్లి బట్టలు ఉతుకుతూ చేతులు పైకి లాక్కున్నప్పుడు ఒకటి రెండుసార్లు చూసింది. మోచేతి కింద, లోపలి వైపు, అయిదు చుక్కలు, ఒక తేలు, దాని కింద ఒక పేరు. రెడ్డెప్ప అని. ఆ పేరు ఎవరిదని అడిగినందుకు వీపు మీద దెబ్బ పడింది. అప్పటినుంచి పీరమ్మ ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతులున్న రవికే తొడుక్కుంది.

“అయితే అమ్మ దాంతోనే పోయింది” అంది నూరున్నీసా చివరికి.

షంషాద్ పాలగిన్నె మీద మూత పెట్టింది.

“దాంతోనే మట్టిలోకి పోయింది” అని మళ్లీ అంది. ఈసారి అది ఎవరికీ చెప్పినట్టు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గోడకు ఆనుకుంది. పుట్టి బుద్ధెరిగాక రెడ్డిబాషా తన అక్క భయపడటం చూడలేదు. చెప్పులు వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

నూరున్నీసాకు ఇప్పుడు తమ్ముడి పెళ్లాం మీద కోపం లేదు. పచ్చబొట్టు పొడిచేవాళ్ల మీదా పొడిపించుకునేవాళ్ల మీదా శాపం ఉందని గురువారం గదిలో ఆమే ఎన్నిసార్లో చదివింది. ఆ శాపంతో తన తల్లి ఒంటరిగా మట్టిలో పడుకుని ఉందన్నదే ఆమె భయం.

మదనపల్లెలో ఎవరినైనా అడిగితే మధ్యాహ్నానికి వీధంతా తెలుస్తుంది. పుంగనూరులో ముసలి హజ్రత్ ఉన్నాడు, రెడ్డిబాషాకు చిన్నప్పుడు ఖురాన్ ఓదడం నేర్పినాయన. మాట బయటికి పోనివ్వడు. ఆయన్ని అడగాలి, ఈ రోజే అడగాలి అంది నూరున్నీసా. షంషాద్ కూడా రావాలంది, తల్లిని కడిగిన చేతులు ఆమెవి కాబట్టి.

*

బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ సున్నా టికెట్లు ఇచ్చాడు. రెడ్డిబాషా వెనక సీట్లో కూర్చున్నాడు. వదినా మరదళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. పుంగనూరు గంట దారి.

షంషాద్ నాలుగు రోజులుగా నమాజు చేయలేదు. ఆ సంగతి మొగుడికి కూడా తెలియదు. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూకు కూర్చుంటుంది. ముఖం కడుగుతుంది, కుడిచెయ్యి మోచేతి దాకా కడుగుతుంది. ఎడమచేతి మీద నీళ్లు పోసి రుద్దబోతే అరచెయ్యి ఆగిపోతుంది. కొడుకు అట్టముక్క మీద పెన్సిల్ గీసినా, రెడ్డిబాషా గిన్నె అడుగున అన్నం గీకినా, ఆమె లేచి ఇంకో గదిలోకి వెళ్తుంది. అక్కడ పీరమ్మ మంచం ఉంది. బూరుగు దూది పరుపు మీద పీరమ్మ పడుకున్న గుంట అలాగే ఉంది. పరుపులు విప్పి ఏకి కుట్టే ఇంట్లో ఆ ఒక్క పరుపు మీద ఎవరూ చెయ్యి వేయలేకపోయారు.

అంతటికీ మొదలు పోయిన రంజాన్. పీరమ్మ పది రోజులు కూతురింట్లో ఉందామని కుప్పం వెళ్లింది. ఒక గురువారం ముందుగదిలో మూలన కూర్చుని, పచ్చబొట్ల శాపం గురించి కూతురు చదువుతున్నది వింది. వింటూ రవిక చెయ్యి కిందికి లాక్కుంది. ఆ సాయంత్రం ఆమె అడిగితే, పచ్చబొట్టు ఉన్న చేతికి వుజూ కూడా అవుతుందో లేదోనని నూరున్నీసా అనుమానంగా అంది. అంతే. కూతురు మరిచిపోయింది. తల్లి మరవలేదు.

మదనపల్లె తిరిగొచ్చాక పీరమ్మ ఒక్కో నమాజుకు మూడేసి సార్లు వుజూ చేయడం మొదలుపెట్టింది. తర్వాత, దాన్ని తీసేసే డాక్టరు ఉంటాడా అని కోడల్ని అడిగింది. షంషాద్ రహస్యంగా తీసుకెళ్లింది. చర్మం డాక్టరు చెయ్యి చూసి, చక్కెర చూసి, ఈ వయసులో దాని జోలికి పోతే పుండు మానదమ్మా, వద్దు అన్నాడు. ఆటోలో వస్తూ పీరమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. బతికుండగా కుదరకపోతే పోయినాక నువ్వే తీసెయ్యాల అంది. మాటివ్వమంది. షంషాద్ ఇచ్చింది. ఆ వేళకు ఎవరైనా ఇస్తారు.

శుక్రవారం గుసుల్ చేయించడానికి హసీనాబీ వచ్చింది. ఆ వీధిలో పోయిన ఆడవాళ్లందరినీ కడిగిన మనిషి. చుట్టూ చీరలు కట్టి, షంషాద్ సాయం పట్టగా, రేగాకు వేసి కాచిన నీళ్లతో రెండుసార్లు కడిగింది. మూడోసారికి కర్పూరం కలిపిన నీళ్లు కావాలి. అవి బయట పొయ్యి మీద ఉన్నాయి. తెస్తానని హసీనాబీ బయటికి పోయింది.

షంషాద్‌కు దొరికింది ఆ కాస్త సమయమే. గూట్లో కాళ్లు రుద్దుకునే రాయి ఉంది. తీసుకుంది. పచ్చబొట్టు చర్మం కింద ఉంటుందని ఆమెకు తెలుసు. అయినా మాట ఇచ్చింది కాబట్టి రుద్దింది. పీరమ్మ చర్మం తడిసిన ఉల్లిపొర లాగా లేచి వచ్చింది. రక్తం రాలేదు. రానందుకు ఆమెకు ఇంకా భయమేసింది. ఆపకుండా రుద్దింది. పేరు పోయింది, తేలు సగం మిగిలింది.

హసీనాబీ వచ్చి చూసింది. ఒక్క మాట అడగలేదు. ఆ చోట దూది పెట్టి, కర్పూరం నీళ్లు పోసి, కఫన్ చుట్టేసింది. వెళ్లేముందు మాత్రం, ఈడ సూసింది ఈడనే వదిలిపెట్టి పోవాలమ్మా, మా పని అట్లాంటిది అంది.

*

పుంగనూరు హజ్రత్‌కు ఎనభై దగ్గర పడుతున్నాయి. తలుపుకు అడ్డం పరదా, పరదాకు అవతల ఆయన, ఇవతల ఆయన భార్య పక్కన ఈ ఇద్దరు ఆడవాళ్లు. రెడ్డిబాషా ఇంట్లోకి రాలేదు. మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళయిందని మసీదుకు నడిచాడు. అతనికి అలాంటి వేళలు భలే కలిసొస్తాయి.

నూరున్నీసా తల్లి పేరు చెప్పలేదు. ఒకామె ఉండేది, వయసులో ఉండగా పచ్చబొట్టు పొడిపించుకుంది, దాంతో వుజూ అవుతుందా అని పోయేముందు భయపడింది, దాంతోనే పోయింది, ఆమె గతి ఏమిటి అని అడిగింది. హజ్రత్‌కు పీరమ్మ పోయిన కబురు శనివారమే అందింది. ఆయనా పేరు ఎత్తలేదు.

శాపం మాట నిజమే అన్నాడు ఆయన. అల్లా ఇచ్చిన ఒంటిని తెలిసి తెలిసి మార్చుకోకూడదు, అందులో బేరం లేదు. కానీ ఆ మాట తెలిసి చేసినవాళ్లకు. చెప్పేవాళ్లెవరూ లేని పల్లెలో, అందరూ పొడిపించుకుంటుంటే తనూ చెయ్యి చాపిన పిల్ల మీద పాపం రాయరు. తెలిశాక మనసులో బాధపడి క్షమించమని అడిగిందా, అంతటితో అయిపోయింది. దాన్ని కోసుకోవాలనీ కాల్చుకోవాలనీ ఎవరూ చెప్పలేదు. ఒంటికి హాని అయ్యేటట్టుంటే తీయనే కూడదు. వుజూ నీళ్లు చర్మానికి తగిలితే చాలు, రంగు ఉండేది చర్మం కింద. ఆమె చేసిన ప్రతి నమాజూ నమాజే.

నూరున్నీసా ఏడవడం మొదలుపెట్టింది. హజ్రత్ భార్య ఆమె వీపు నిమిరింది.

అప్పుడు నూరున్నీసా ఇంకొకటి అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు, బహుశా తల్లి గురించి ఇంకాసేపు వినాలనిపించి. పోయినాక, కడిగేటప్పుడు, దాన్ని తీయించి ఉండాల్సిందా అంది.

హజ్రత్ వెంటనే వద్దన్నాడు. పోయిన మనిషి మయ్యత్తుకు మనం గోరు కూడా కత్తిరించం అన్నాడు. పోయిన మనిషి ఎముక విరిస్తే బతికున్న మనిషి ఎముక విరిచినట్టేనని ప్రవక్త చెప్పిన మాట ఉందన్నాడు.

“సచ్చిపోయినోళ్లు నొప్పి అని చెప్పుకోలేరు కదమ్మా” అన్నాడు. “అందుకే బతికుండేవాళ్ల కంటే మెత్తగా పట్టుకోవాల.”

షంషాద్ తన ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో కప్పుకుంది. ఆమెకు పరదా కనిపించడం మానేసింది. హజ్రత్ భార్య నీళ్లిచ్చింది. గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

లేవబోతుంటే హజ్రత్ పరదా వెనకనుంచి ఒకటే ప్రశ్న వేశాడు. ఆ పెద్దమనిషిని అంతగా భయపెట్టింది ఎవరమ్మా అని.

“నేనే” అంది నూరున్నీసా.

ఆయన తిట్టలేదు. శాపం రాసిన పేజీ చదివినప్పుడు దాని తర్వాతి పేజీ కూడా చదవాలమ్మా అన్నాడు.

*

రెడ్డిబాషా ఇంకా మసీదునుంచి రాలేదు. ఇద్దరూ హజ్రత్ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఎండ గట్టిగానే ఉంది. ఎదురింటి ముందు ఎవరో శెనక్కాయలు ఎండబోసి, కోళ్లు రాకుండా కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

నూరున్నీసా ముఖం తుడుచుకుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖం కొంచెం తేలికపడింది. షంషాద్ చెయ్యి తీసుకుని తన చేతుల మధ్య పెట్టుకుంది.

“మా అమ్మకేం కాదంట” అంది. “నువ్వు కప్పింది మంచిదే. నేనే నలుగురిలో నిన్ను అడగరాని మాట అడిగినాను. మనసులో పెట్టుకోవద్దు మ్మే.”

ఇక్కడ షంషాద్ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. చూసినదాన్ని అక్కడే వదిలిపెట్టాలని హసీనాబీ చెప్పనే చెప్పింది. అలా కప్పినవాళ్లకు పుణ్యమని కూడా అంటారు. వదిన క్షమాపణ అడుగుతోంది. ఇంట్లో గొడవ ముగిసిపోతుంది. పీరమ్మ మట్టిలో ఉంది. తెలిసినవాళ్లు ఇద్దరే, వాళ్లలో ఒకరు ఎన్నడూ చెప్పరు. షంషాద్‌కు ఇదంతా ఆ క్షణంలో తోచింది. నిజం చెప్పాలంటే, ఆమె చెప్పకూడదనే నిర్ణయించుకుంది.

నూరున్నీసాయే ఉండబట్టలేకపోయింది.

“ఆ రెడ్డెప్ప ఎవడో ఏమో” అంది మెల్లగా. “చిన్నప్పటినుంచీ ఆ పేరు నా గొంతులో ముల్లు మాదిరి ఉండాది. నాయనకు తెలుసో లేదో. పోనీలే, ఎవడైనా కానీ. అమ్మను మాఫ్ చెయ్యమని నేనే దువా చేస్తాను.”

షంషాద్ తల తిప్పి చూసింది. కన్న కూతురు అరవై ఏళ్ల నాటి చేతిమీది రాత చూసి తల్లికి ఎవరినో అంటగట్టి, ఇప్పుడు పెద్దమనసుతో క్షమించేస్తోంది. అది ఆమె వినలేకపోయింది. పీరమ్మ తనకు అప్పజెప్పినవి రెండు, తీసేస్తానన్న ఆ మాట, ఈ పేరు సంగతి.

“అట్లనొద్దు వదినా” అంది. “రెడ్డెప్ప మీ అన్న.”

నూరున్నీసా అర్థం కానట్టు చూసింది.

షంషాద్ చెప్పింది. పీరమ్మ సదుంలో కాపురం పెట్టిన కొత్తల్లో, మొగుడు ఊరూరా తిరిగి దూది ఏకే రోజుల్లో, తొలిచూలు మగబిడ్డ. ఆ పల్లెలో దూదేకుల పిల్లలకు అలాంటి పేర్లు మామూలే. రెండేళ్లకు తట్టు పోసి పోయాడు. చేను గట్టు పక్కన మట్టిచేశారు. ఆ యేటి వానకు మట్టి కుప్ప చదునైపోయింది. ఎక్కడ పెట్టారో కూడా కనబడకుండా పోయింది. ఇంట్లో ఆ పేరు ఎత్తితే మొగుడు అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. ఎవరూ ఎత్తకుండా అయింది. మరుసటి యేడు పచ్చబొట్లు పొడిచే ఆమె వస్తే, పీరమ్మ చేరెడు శెనక్కాయలు ఇచ్చి బిడ్డ పేరు చేతిమీద పొడిపించుకుంది. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు.

నూరున్నీసా కళ్లు పెద్దవయ్యాయి. “అందుకేనా తమ్మునికి రెడ్డిబాషా అని పట్టుబట్టి పెట్టింది” అంది. తర్వాత ఏడుస్తూనే నవ్వింది. కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ నవ్వింది. “మా అమ్మ ఎంత గట్టిది సూడు. ఒక్కనాడు కూడా చెప్పలేదు.”

ఆమె షంషాద్ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

“చిన్నప్పుడే పోయిన బిడ్డలు స్వర్గం వాకిట్లో తల్లి కోసం కాసుకోనుంటారంట మ్మే. తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి పిలుచుకుపోతారంట. మా అమ్మ వాని పేరు చేతిమీద పెట్టుకునే పోయింది. వాడు సూడంగానే గుర్తుపట్టింటాడు.”

షంషాద్ చెయ్యి లాక్కోబోయింది. నూరున్నీసా వదల్లేదు.

“పేరు లేదు వదినా.”

“ఏంది?”

“అత్తమ్మ చేతిమీద పేరు లేదు. నేను తీసేసినాను. రాయి పెట్టి రుద్ది తీసేసినాను. కుప్పం నుంచి వచ్చినప్పటినుంచీ ఒకటే మాట. ఈ మచ్చతో పోతే వాడుండే చోటికి నన్ను రానియ్యరు షంషాదూ, నువ్వే తీసెయ్యాల అని. మాటిప్పించుకుంది. అందుకే నిన్ను పట్టుకోనీలేదు. పట్టుకోనుంటే నీకు తెలిసిపోయేది.”

ఎదురింటి ముసలామె కోళ్లను అదిలించింది. వీధి చివర రెడ్డిబాషా టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వస్తున్నాడు. ఇంకా దూరంగానే ఉన్నాడు.

నూరున్నీసా ముఖంలో ఏడుపు లేదు, కోపం లేదు. కుప్పంలో ఆమె చదువుతుంటే విన్న ఇరవై మంది ఆడవాళ్లు ఇప్పుడు ఆ ముఖం చూస్తే గుర్తుపట్టరు.

“నన్ను తిట్టు వదినా” అంది షంషాద్. “హజ్రత్ సాబ్ చెప్పింది విన్నావు కదా. నొప్పి అని చెప్పుకోలేరన్నాడు. అది నిజం కాదు.”

“అంటే?”

“నేను రుద్దతాండంగా అత్తమ్మ వేళ్లు ముడుచుకున్నాయి. నా ఎడమచెయ్యి పట్టుకున్నాయి.”

నరాలు బిగుసుకుని అట్లా అవుతుందనీ, కడిగేవాళ్లకు అది మామూలేననీ హసీనాబీని అడిగి ఉంటే చెప్పేదేమో. షంషాద్ ఎవరినీ అడగలేదు. నాలుగు రోజులు దాన్ని ఒంటరిగా మోసింది.

నూరున్నీసా తన చేతుల్లో ఉన్న మరదలి చేతిని చూసింది. ఆమె గొంతు వచ్చేసరికి అది చిన్నపిల్ల గొంతులా ఉంది.

“ఎంతసేపు పట్టుకుంది?”

“నేను రుద్దడం ఆపేదాకా” అంది షంషాద్.